గోడలో మిగిలిన ముక్కయు, ఎడమ మరయు

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాయుమని సంపాదకులు ప్రతి యేటను నన్ను కోరుచుందురు. గొప్పవారి జీవితములను గూర్చియు, సెలవులలో చూచివచ్చిన ఊళ్లను గూర్చియు ఇంతకుముందు వ్రాసియున్నాను. ఈ యేడు జానెడు పొడవైనను లేని యొక యుక్కు కడ్డీని గూర్చి వ్రాయ నిశ్చయించితిని. ఇది ప్లంబర్ల పనిముట్టు. పంతులమ్మకు పైపుల గొడవ యేల యని కొందఱు నవ్వవచ్చును. నవ్వినను సరియే. సొంత యిల్లు గల తల్లిదండ్రులు మాత్రము దీనిని తుదివఱకు చదువుదురని నా నమ్మకము.

మీ యింట ముఖము కడుగుకొను బేసిను క్రిందకు వంగి చూడుడు. గోడనుండి వెలువడి, సమకోణముగ తిరిగిన చిన్న మెఱుగు వాల్వు ఒకటి కనబడును. దానినుండి వంగెడి గొట్టమొకటి పై కుళాయికి పోవును. కమోడు ప్రక్కను, గీజరు క్రిందను ఇట్టివే యుండును. దీనిని మనవారు యాంగిల్ కాకు అందురు. చిన్నదే గాని దీని యుపకారము గొప్పది. పై కుళాయి చెడినప్పుడు దీని నొక్కదానిని మూసినచో చాలును. ఇంటిలోని తక్కిన నీరంతయు యథాప్రకారము పారుచుండును. అయితే పై కుళాయి చెడువఱకు దీని నెవ్వరును ముట్టరు. ఏండ్ల తరబడి తెఱచినది తెఱచినట్లే యుండి, మూయవలసిన నాటికి అది మూసికొనదు.

ఈ వాల్వులో సగము మనకు కనబడును, సగము కనబడదు. కనబడని సగము మరచుట్లు గల మెడ. అది గోడలోపలి గూటిలో బిగింపబడి యుండును. నా కథయంతయు ఆ కనబడని సగమును గూర్చినదే.

ఇత్తడి యనునది రాగియు తుత్తునాగమును కలిసిన లోహమని మీరు చదివియున్నారు. ఉప్పు పాలు హెచ్చుగా గల నీరు ఏండ్లకొలది తగులుచుండినచో, ఆ కలయికలోనుండి తుత్తునాగము మెల్లమెల్లగా కరగి నీటిలో కలిసిపోవును. రాగి మాత్రము సన్నని రంధ్రములతో స్పంజివలె మిగులును. ఆకారము చెడదు. పైనున్న క్రోమియము పూత అద్దమువలె మెఱయుచునే యుండును. లోపల బలముండదు. మా ఒంగోలు బోరునీటి ఉప్పదనమును గూర్చి ఈ ఊరివారికి నేను చెప్పనక్కఱలేదు. మా యింట విఱిగిన వాల్వు ముక్కను తరగతికి తెచ్చి బల్లమీద నుంచినప్పుడు, ఒక బాలిక దానిని చేతబట్టి చూచి, "టీచర్, ఇది ఇత్తడి కాదండీ, ఇటుక" అనెను. విఱిగినచోట అది నిజముగ ఇటుకరంగుననే యుండెను. పుస్తకములోని సమీకరణముకంటె ఆ పిల్ల మాటయే తక్కినవారికి బాగుగ గుర్తున్నది.

ఇక జరిగిన సంగతి. గత సంవత్సరము మే నెలలో నొక శనివారము. నా భర్త ఉద్యోగరీత్యా విశాఖపట్టణమున నుందురు. ఇంట మా అత్తగారును, ఇంటరు చదువుచున్న మా అమ్మాయియు, నేనును ఉంటిమి. అత్తగారికి ఎనుబది రెండేండ్లు. అంతకు నాలుగు నెలల క్రిందట తుంటి యెముక విఱిగి శస్త్రచికిత్స జరిగినది. వాకరు పట్టుకొని నాలుగడుగులు వేయగలరు గాని మేడ యెక్కలేరు. క్రింది స్నానపుగదిలో ఆమెకొఱకే ఎత్తైన కమోడును, గోడకు ఉక్కు కడ్డీలను అమర్పించితిమి. ఆ కడ్డీలున్న గోడయందే కమోడు నీటితొట్టికి పోవు యాంగిల్ కాకు కూడ నుండెను.

అది కొన్నాళ్లుగా బొట్టు బొట్టుగా కాఱుచుండెను. తరువాత సన్నని ధారయయ్యెను. ఒక ప్లంబరును పిలిపించితిని. ఆయన పానా పట్టి త్రిప్పగానే 'టిక్కు'మని చిన్న చప్పుడై వాల్వు చేతిలోనికి వచ్చెను; మెడ గోడలో నిలిచిపోయెను. నీరు జల్లున గదిలోనికి చిమ్మెను. మా అమ్మాయి మెట్లమీద పరుగెత్తి మేడపై ట్యాంకు క్రిందనున్న గేటు వాల్వు మూసినది. నీరు నిలిచినది, దానితో ఇల్లంతటికిని నీరు నిలిచినది. పనివాని తప్పేమియు లేదు. అది యెవరి చేతిలోనైనను ఆనాడే విఱిగియుండును.

ఆయన ఫోను దీపము వెలిగించి లోనికి చూచెను. "మెడ లోపలే ఉండిపోయిందండీ. గోడ కొట్టాలి" అనెను.

"ఎంత కొట్టాలి?"

"ఈ టైలూ, పైదీ, పక్కదీ. ఎల్బో మార్చి మళ్లీ పూడ్చాలి. ఆరాలి, టైలు అంటించాలి. రేపు ఆదివారం, మేస్త్రీ దొరకడు. నాలుగు రోజులనుకోండి, అమ్మగారూ."

పోనీ, తాత్కాలికముగ చెక్క బిరడా కొట్టి ఇంటికైన నీరు విడువవచ్చునా యని యడిగితిని. మెడ లోతుగా విఱిగినది, పుచ్చినది, బిరడా నిలువదని చెప్పెను. ఆ టైల్సు పండ్రెండేండ్ల నాటివి. అట్టివి ఇప్పుడు దుకాణములలో లేవు. అది చిన్న చింత. పెద్ద చింత ఆ గోడకున్న కడ్డీలు. గోడ కొట్టినచో అవి ఊడదీయవలసినదే.

మా అత్తగారు గది గుమ్మము బయట కుర్చీలో కూర్చుండి యంతయు వినుచుండిరి. "నన్ను కందుకూరు పంపెయ్యమ్మా, తమ్ముడింటికి. నాలుగు రోజులేగా" అనిరి. కందుకూరిలో ఆ పెద్దవారి యింట క్రింద కూర్చుండు దొడ్డియే గాని కమోడు లేదు. ఆ సంగతి ఆమెయు నెఱుగును, నేనును నెఱుగుదును. ఆమె తుంటి క్రింద కూర్చుండుటకు పనికిరాదని వైద్యులు గట్టిగ చెప్పియుండిరి. ఒకరికి భారము కాగూడదని ఆమె అట్లనిరి.

నాలుగు గంటలకు సుత్తి, ఉలి, తోడు మనిషితో వచ్చెదనని ప్లంబరు లేచెను. "గోడ కొట్టకుండ ఆ ముక్క ఊడదీయు పనిముట్టేదియు లేదా?" యని యడిగితిని. "ఉంటుందంటండీ. నా దగ్గర లేదు" అని యాయన నిజము చెప్పెను. లేనిదానిని లేదని చెప్పినవానియందు నాకు గౌరవము కలిగెను. కొందఱు అట్టిది లోకముననే లేదందురు.

ఎండ నెత్తిమీద నున్నను ట్రంకు రోడ్డు వైపు పోయి యొక పాత ఇనుప సామాను దుకాణము నాశ్రయించితిని. పనిముట్టు పేరు నాకు తెలియదు. కాగితముమీద గోడయు, గోడలో ముక్కయు బొమ్మ గీసి చూపితిని. దుకాణపు పెద్దాయన కండ్లజోడు సవరించుకొని చూచి, "నిపిల్ ఎక్స్‌ట్రాక్టరమ్మా. ఎవరూ అడగరు" అనుచు అటకమీదనుండి దుమ్ముపట్టిన చిన్న పొట్లమొకటి దింపించెను. "గోడ పగలగొడితేనే కదమ్మా నాలుగు రోజుల కూలీ!" అని నవ్వెను కూడ. ఈ మాట నే నొప్పుకొనను. ఏడాదికి రెండుమాఱులు మాత్రమే పనికివచ్చు వస్తువును దినకూలితో బ్రదుకువాడు వందల రూపాయలు పోసి కొని సంచిలో నుంచుకొనుట సులభము కాదు. ఆయన సంచిలో నున్న ప్రతి పానాయు ఒక పూట కూలి.

"ఏ సైజు?" అని యాయన యడిగెను. అర అంగుళము. ఇచట నొక చమత్కారమున్నది. విఱిగిన ముక్క గూటి వ్యాసమును మా అమ్మాయి స్కేలు పెట్టి కొలిచి, 21 మిల్లీమీటర్లు వచ్చినదనియు, అర అంగుళమనగా 12.7 మిల్లీమీటర్లే యనియు నాతో వాదించి పంపినది. ఇద్దఱును సత్యమే. అర అంగుళమను పేరు పాతకాలపు ఇనుప గొట్టము లోపలి రంధ్రమునుబట్టి వచ్చినది. మరచుట్లు కోయునది గొట్టము వెలుపల. గొట్టపు మందము కలిసి వెలుపలి కొలత 20.955 మిల్లీమీటర్లగును. గొట్టములు మాఱినవి, లోహములు మాఱినవి, ప్లాస్టిక్కు వచ్చినది. పేరు మాత్రము మాఱలేదు.

ఆ చుట్లను గూర్చి కూడ నొకమాట చెప్పవలెను. పూర్వము ఇంగ్లాండులో ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. ఒకచోట చేసిన మేకు మరియొకచోటి గూటిలో పట్టెడిది కాదు. 1841వ సంవత్సరమున జోసెఫ్ విట్‌వర్త్ అను యంత్రకారుడు, మరచుట్టు కోణము 55 డిగ్రీలుగ నుండవలెననియు, వ్యాసమునుబట్టి అంగుళమునకు ఇన్ని చుట్లని నిర్ణయింపవలెననియు ప్రతిపాదించెను. నేటికిని మన కుళాయిల మరలు ఆ కోణముననే కోయబడుచున్నవి. అర అంగుళపు మరకు అంగుళమునకు 14 చుట్లు. అందుచేతనే ఒంగోలులో ఏ దుకాణమున కొన్న వాల్వు అయినను ఎవరి గోడలోనికైనను ఎక్కుచున్నది.

పనిముట్టును ఇంటికి తెచ్చి బల్లమీద విప్పితిని. గట్టి యుక్కు. ఒక కొన సన్నగ చిటికెనవ్రేలివలె నుండి, పైకి పోనుపోను బొటనవ్రేలంత లావగును. ఆ వాలు పొడవునను పదునైన అంచులు మెలికలు తిరిగియున్నవి. రెండవ కొన చతురస్రముగ నున్నది; అది పానా పట్టుటకు. అంతే. కదలెడు భాగమొక్కటియు లేదు. అయితే ఆ మెలికలను జాగ్రత్తగ చూచితిమేని, అవి మామూలు మేకుల మెలికలవలె గాక ఎడమవైపునకు తిరిగియుండును. దాని తెలివియంతయు అందే యున్నది.

విద్యార్థులారా, మామూలు మరను సవ్యదిశగా, అనగా గడియారపు ముల్లు తిరుగు దిక్కున త్రిప్పిన బిగియును, అపసవ్యముగ త్రిప్పిన ఊడును. ఎడమ మరకు ఇది తలక్రిందులు. మీ సైకిలు ఎడమ పెడలును ఊడదీసి చూచినవారికి ఇది తెలియును. త్రొక్కునప్పుడు తనంతట తాను ఊడిపోకుండుటకై దానికి ఎడమ మర పెట్టుదురు. ఇప్పుడు గోడలోని ముక్క సంగతి చూడుడు. దానిది కుడి మర. ఊడవలెనన్న అపసవ్యముగ తిరుగవలెను. దానిని పట్టుకొనుటకు బయట ఏమియు లేదు, లోపల రంధ్రము మాత్రమే కలదు. ఆ రంధ్రమున ఎడమ మెలికల కడ్డీని దూర్చి అపసవ్యముగ త్రిప్పినచో, కడ్డీ మరింత లోనికి దిగి కఱచుకొనును. ఎంత బలముగ త్రిప్పిన అంత గట్టిగ కఱచును. ఇక దిగుటకు చోటు లేనప్పుడు, ఆ త్రిప్పుడంతయు ముక్కకే చెందును. ముక్కకు అదే ఊడు దిక్కు. ఒకే త్రిప్పుడు ఒకదానిని బిగించుచు మరియొకదానిని వదలించుచున్నది.

తొమ్మిదవ తరగతిలో దీనిని చెప్పినప్పుడు, వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, "కుడి మెలికలుంటే ఏమవుతుందండీ?" అని యడిగెను. మంచి ప్రశ్న. అపసవ్యముగ త్రిప్పిన కడ్డీయే ఊడి చేతికి వచ్చును. సవ్యముగ త్రిప్పిన కఱచుకొనును గాని ముక్కను గోడలో మరింత బిగించును. రెండును పనికిరావు. దీనిని నేను చెప్పకముందే ఆ బాలుడు తన పెన్ను మూతను త్రిప్పి చూచుకొని తానే చెప్పెను.

పూర్వము ఈ పనిముట్టు లేనివారు ఏమి చేసెడివారు? సన్నని రంపపు బ్లేడును రంధ్రములో పెట్టి ముక్కను లోపలినుండి పొడవునా రెండు మూడు చోట్ల కోసి, ఉలితో లోనికి ముడిచి తీసెడివారు. నేర్పరులు ఇప్పటికిని తీయుదురు. చేయి కొంచెము జాఱినను కోత గూటి మరలమీద పడును. గూటి మర తెగినదా, ఎంత క్రొత్త వాల్వు పెట్టినను నీరు కాఱును. మరల గోడ కొట్టవలసినదే.

ఎక్స్‌ట్రాక్టరుకును తన భయములు తనకున్నవి. సుత్తితో మితిమీఱి కొట్టినచో, పుచ్చిన పలుచని ఇత్తడి వెలుపలికి ఉబ్బి గూటిలో మరింత చిక్కుకొనును. అంతకంటె పెద్ద భయ మొకటి. నేటి యిండ్ల గోడలలో సీపీవీసీ ప్లాస్టిక్కు ఎల్బో యుండును. దానిలో ఇత్తడి గూడు పొదుగబడి యుండును. ముక్కతోపాటు ఆ గూడు కూడ ప్లాస్టిక్కులో తిరిగిపోయినచో గోడలోపల నీరు కాఱును. ఈ సంగతులు దుకాణపు పెద్దాయనయే చెప్పి, "గూడు కదిలితే ఆపెయ్యమ్మా, ఇక లాగకు" అని హెచ్చరించెను.

కదలినట్లు ఎట్లు తెలియును? దీనికి నేనొక ఉపాయము చేసితిని. ముక్క యంచుమీదను, దానిని చుట్టియున్న గూటి యంచుమీదను, ఆ ప్రక్కనున్న టైలుమీదను, మూడును ఒకే వరుసలో వచ్చునట్లు పెన్నుతో మూడు గీతలు పెట్టితిని. ముక్క గీత యొక్కటియే జరిగినచో శుభము. గూటి గీత కూడ జరిగినచో ఆపవలెను.

అప్పటికి రెండున్నర గంటలు. మా అమ్మాయి దీపము పట్టినది. పాత పండ్లబ్రష్షుతో ముక్క లోపలి పెచ్చును గీకి తీసితిని. పనిముట్టు లోహమును కఱవవలెను గాని పెచ్చును కఱచి లాభము లేదు. కడ్డీని రంధ్రములో తిన్నగ నిలిపి సుత్తితో రెండు దెబ్బలు వేసితిని. మూడవ దెబ్బ యెత్తగా గుమ్మము బయటనుండి అత్తగారు, "చాలమ్మా" అనిరి. మా మామగారు వడ్రంగము నేర్పిన ఉపాధ్యాయులు. "మేకు దిగేదాకా కొట్టు, చెక్క పగిలేదాకా కొట్టకు అనేవారు మీ మామగారు" అని ఆమె చెప్పిరి. సుత్తి దింపితిని.

పది అంగుళముల పానాను చతురస్రపు కొనకు తగిలించి మెల్లగ లాగితిని. కడ్డీ కొంచెము తిరిగి దిగెను, ఆగెను. ఇంకను లాగితిని. కదలదు. ఇక్కడ పిల్లలకు బలభ్రామకము గుర్తుచేయవలెను. పానా పిడి కొన, తిరుగు కేంద్రమునకు ఇంచుమించు 25 సెంటీమీటర్ల దూరమున నున్నది; మరచుట్లు కేంద్రమునకు ఒక సెంటీమీటరు దూరమున నున్నవి. పిడి కొనను నేను 10 కిలోల బరువంత లాగినచో, చుట్లవద్ద 250 కిలోల బరువంత పడును. బక్కపలుచని పంతులమ్మ చేయి ఏమి చేయగలదని యెవరును అనుకొనవలదు. చేతి బలము కాదు, పిడి పొడవు. అయితే ఆ 250 కిలోలు మంచిని చేయగలవు, చెడును చేయగలవు. అందుచే కుదుపు పెట్టక, ఊపిరి బిగబట్టి, ఒకే తీరుగ బరువు వేయుచు గీతలవైపు చూచుచుంటిని.

కీచుమని సన్నని చప్పుడయ్యెను. "అమ్మా, కదిలింది" అని మా అమ్మాయి యఱచెను. ఏది కదలినది? నా గుండె యొక్కసారి ఆగినట్లయ్యెను. పానా వదలి దీపము దగ్గఱకు తెమ్మంటిని. ముక్కమీది గీత ఒక వడ్లగింజంత ఎడమకు జరిగియున్నది. గూటి గీతయు టైలు గీతయు ఎదురెదురుగ పెట్టినచోటనే యున్నవి. మేము ముగ్గురమును ఒక్క నిమిషము మాటలాడలేదు. ఆ పిమ్మట పావు చుట్టు, అర చుట్టు, ఒక చుట్టు. తరువాత పానా కూడ అక్కఱలేక పోయినది. చిరిగిన పాత టెఫ్లాన్ టేపు పీలికలతో ఆ ముక్క, కడ్డీ కొనను కఱచుకొని, బావురుకప్ప నోటిలోని పురుగువలె బయటికి వచ్చెను.

గూటి మరలను దీపముతో పరీక్షించితిని. ఒక్క చుట్టును చెడలేదు. బ్రష్షుతో తుడిచి గుడ్డతో ఆరబెట్టితిని.

క్రొత్త వాల్వును ఆ దుకాణముననే కొనియుంటిని. రెండు మూడింటిని అరచేతిలో తూచి, బరువైనది తీసికొంటిని. ఒకే రూపమున్న రెండు వాల్వులలో తేలికదానియందు లోహము తక్కువ యనుటకు వేఱు సాక్ష్యమక్కఱలేదు. మరచుట్లమీద టెఫ్లాన్ టేపును మర యెక్కు దిక్కుననే, గట్టిగ లాగుచు పది పండ్రెండు చుట్లు చుట్టవలెను. తలక్రిందులుగ చుట్టినచో బిగించునప్పుడు టేపు విడిపోయి ముద్దయగును. ఈ టేపు పదార్థమును రాయ్ ప్లంకెట్ అను అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు 1938లో, వేఱొక పరిశోధన చేయుచు, తలవనితలంపుగ కనుగొనెను. అంతకు పూర్వపు పద్ధతియగు సఫేదా పూసి నార చుట్టుట మన ప్రాంతపు పాత పనివాండ్రకు ఇంకను తెలియును. ముందు గోడ రంధ్రమును కప్పెడు బిళ్లను తొడిగి, తరువాత వాల్వును చేతితో ఎక్కినంతవఱకు ఎక్కించి, మెఱుగు చెడకుండ గుడ్డ చుట్టి పానాతో బిగించితిని. మూతి సరియైన దిక్కునకు వచ్చువఱకు ముందుకే త్రిప్పవలెను. కొంచెము దాటినదని వెనుకకు త్రిప్పినచో టేపు పట్టు వదలును. అప్పుడు ఊడదీసి క్రొత్త టేపు చుట్టవలసినదే.

అమ్మాయి మేడయెక్కి గేటు వాల్వు తెఱచినది. వాల్వు క్రింద పొడి వార్తాపత్రిక పఱచి అరగంట చూచితిమి. తడి లేదు.

సరిగ నాలుగు గంటలకు ప్లంబరు ఉలి, సుత్తి, తోడు మనిషితో వచ్చెను. గోడ చూచెను. కోపగింపలేదు, నవ్వలేదు. మోకాళ్లమీద కూర్చుండి వాల్వు చుట్టును వ్రేలితో తడిమి, "బాగుందండీ" అని, తరువాత ఎక్స్‌ట్రాక్టరును చేతిలోనికి తీసికొని వెలుతురున నటునిటు త్రిప్పి చాలసేపు చూచెను. "ఎడమ మర" అని తనలో తాననుకొనెను. వెల యెంత యని యడిగెను, చెప్పితిని. ఏమియు మాటలాడలేదు. వచ్చినందులకు ఇద్దఱికిని పూట కూలి యిచ్చితిని. మొదట పుచ్చుకొననన్నను, అత్తగారు చెప్పగా పుచ్చుకొనిరి. పోవునప్పుడు ఆయన నాకొక మాట చెప్పెను. అది ఏ దుకాణపువారును చెప్పనిది: "మూడు నెలలకొకసారి ఇంట్లో అన్ని కాకులూ ఒకసారి మూసి తెరవండి, అమ్మగారూ. కదులుతూ ఉంటే పెచ్చు పట్టదు. ఏది జిడ్డుగా తిరుగుతోందో ముందే తెలుస్తుంది."

తరువాతి వారమున ఆయన వచ్చి ఆ పనిముట్టును ఒకపూటకు ఎరువడిగెను. లాయరుపేటలో ఎవరింటనో గీజరు వాల్వు ఇట్లే విఱిగినదట. ఆ సాయంకాలమే తెచ్చి యిచ్చెను. ఆ ఇంటివారు గోడ నిలిచినందులకు సంతోషించి అడిగినదానికంటె ఎక్కువ యిచ్చిరని చెప్పెను. తనకు కూలి దినములు తగ్గినందులకు ఆయన యేమియు చింతింపలేదు. ఒక దినమున మూడిండ్లు చూడవచ్చునట. నాలుగవమాఱు ఎరువుకు రాలేదు. తానే యొకటి కొనుక్కొన్నాడని ఆ దుకాణపు పెద్దాయన వలన వింటిని. పెద్దాయన ఇప్పుడు వానిని అటకమీద గాక ముందు అఱలో పెట్టినాడు.

కాకులను మూసి తెఱచు పనిని మా యింట అత్తగారు పుచ్చుకొనిరి. మూడు నెలలవఱకు ఆగుట ఆమెకు నచ్చదు. ప్రతి నెలయు ఒకటవ తేదీన ఉదయము, ఎడమచేత గోడ కడ్డీ పట్టుకొని, కుడిచేత ఆ కమోడు ప్రక్కనున్నదానిని తామే త్రిప్పుదురు. తక్కినవానికి మా అమ్మాయిని తఱుముదురు. పోయిన నెల వంటగదిలోనిది కొంచెము పట్టుగ తిరుగుచున్నదని చెప్పియున్నారు. వచ్చు శనివారము దానిని మార్చవలెను. పనిముట్టు ప్రస్తుతము ఎదురింటివారి వద్ద నున్నది.